మధ్యాహ్నం కొలవని వోల్టేజీ

చీఫ్ ఇంజనీరు గారికి,

మీరు తప్పు వేళలో కొలిచి, తప్పు మనిషిని దోషిని చేశారు. యులాలియా లుసెరో గారి ఇంటి మీది సోలార్ పలకలను శుక్రవారం లైను నుంచి తప్పిస్తామని నోటీసు పంపారు. వాటిని అమర్చింది నేను. మన విద్యుత్ సహకార సంఘంలో సభ్యుణ్ణి కూడా. అంటే మీ యజమానుల్లో ఒకణ్ణి.

పలకల కరెంటును మీ లైనులో కలిపే పెట్టె, ఆమె ఇన్వర్టర్, రోజూ మధ్యాహ్నం ఆగిపోతోంది. మీ లైన్‌మన్ పొద్దున ఏడింటికి, ఊరంతా కాఫీలు కాచుకుంటూ వోల్టేజీ దిగే వేళ వచ్చి కొలిచి, "వోల్టేజీ బాగానే ఉందమ్మా, జబ్బు నీ పెట్టెకే" అన్నాడు.

"నా మోకాలు కూడా డాక్టరు ముందు నొప్పెట్టదు నాయనా. అంటే నొప్పి లేనట్టేనా?" అందావిడ. అతను నవ్వేసి, పెట్టె చెడిందనే రాసుకుపోయాడు. ఆ రాత మీదే మీ నోటీసు వచ్చింది. పేదవాళ్ళ యంత్రమే చెడిందనడం మీకు ఎప్పుడూ తేలిక.

నిన్న మధ్యాహ్నం, ఇళ్ళు ఖాళీ అయి, వాడకం పడిపోయి వోల్టేజీ పెరిగే వేళ, ఇన్వర్టర్ ఆపి నేనే కొలిచాను. 240 వోల్టులు ఉండాల్సిన చోట మీ తీగలోనే 261 ఉంది. ఆమె కరెంటు కాస్త కలిస్తే 264 దాటుతుంది. దాటితే ఆగాలన్న నియమాన్ని ఆ పెట్టె పాటిస్తోంది, అంతే. గనుల్లో ఊపిరితిత్తులు పోగొట్టుకున్న ఆమె భర్తకు ఈ న్యూ మెక్సికో ఎండల్లో కూలర్ తిరిగేది, బిల్లు తగ్గించే ఆ పలకల పుణ్యానే.

కాబట్టి:

1. నోటీసు వెనక్కి తీసుకోండి.
2. ఈ వారమే మధ్యాహ్నం వచ్చి, ఇన్వర్టర్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి కొలవండి.
3. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజీ తగ్గించండి.
4. క్షమాపణ నాకు కాదు, ఆమెకు రాయండి. ఆమె చదవగలిగే స్పానిష్‌లో రాయండి.