కద్మాలో నా మొదటి బాత్రూం

మావా,

నువ్వు పోయాక నేను సొంతంగా ఒప్పుకున్న మొదటి టైల్స్ పని ఇవాళ అయిపోయింది. ఇది బాగుంటేనే వంటిల్లు కూడా ఇస్తానంది కద్మా ఓనరమ్మ.

నువ్వు పని అవగానే, వాటం సరిగ్గా ఉందో లేదో తేలేలా ఓనరు ముందే బకెట్ నీళ్లు పోసేవాడివి. మన తప్పు మనమే బయటపెట్టుకోవడం ఏం పిచ్చని నీతో గొడవపడేవాణ్ణి. ఇవాళ నేనే పోశాను. గుమ్మం దగ్గర నీళ్లు నిలిచిపోయాయి.

"ఏటి బాబూ, ఇక్కడ బాతుల్ని పెంచమంటావా?" అందావిడ.

ఒళ్లు మండింది. అయినా పళ్లు బిగించి, "తప్పు నాదే పిన్నీ. రేపొచ్చి ఆ టైల్స్ తీసి మళ్లీ వేత్తాను," అన్నాను.

ఆవిడ నన్నోసారి ఎగాదిగా చూసి, "వంటిల్లూ నువ్వే వెయ్యి," అంది.

బయటికొస్తుంటే పక్కింటావిడతో చెబుతోంది: "మా మిస్త్రీ మొహం సిడసిడలాడతాది గానీ, మంచోడే."

మిస్త్రీ అంది మావా, నీకు టైల్స్ అందించిన నన్ను! ముందు నీకే చెప్పాలనిపించింది.