నీది రద్దయింది, నాది ఉంది

రత్నం,

కళ్ళు తీసిన శవాన్ని దింపుడు కళ్ళం దగ్గర చెవిలో పేరు పెట్టి పిలిచినా లేవదని పర్చూరులో ఎవరో అన్నారని పక్కింటి ధనమ్మ వదిన చెప్పిందన్నావుగా. మనం ఇస్తామన్నది కళ్ళూ కిడ్నీలే, చెవులు కాదని ఆవిడతో చెప్పు.

అయినా నీ భయం నీది. నువ్వడిగినట్టే కోడలు హారిక చేత ఫోనులో నీ అవయవదానం అంగీకారం రద్దు చేయించాను. చట్టప్రకారం మనసు ఎప్పుడైనా మార్చుకోవచ్చట, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. రద్దయినట్టు మెసేజీ కూడా వచ్చింది. ఇక హాయిగా ఉండు.

నాది మాత్రం రద్దు చేసుకోను. రేపు నాకేమన్నా అయితే డాక్టర్లు నా అవయవదానం కార్డు ఒక్కటే చూడరు, నిన్ను అడుగుతారు. నువ్వు కాదంటే ముందుకు పోరు. ఏడుస్తూనైనా సరేనను.

నువ్వు పాలకేంద్రం నుంచి వచ్చేసరికి నేను మిరపకోత దగ్గరుంటా. మబ్బు పడితే ఆరబోసిన కాయల మీద పట్టా కప్పు. గోంగూర పచ్చడి అదిరింది, నీకు కాస్త ఉంచాను.

పొద్దున ఈ సరేననే మాటే అడిగితే పొయ్యి మీంచి తలెత్తకుండా ఏమన్నావో గుర్తుందా? "నన్నడిగేదాకా నేనుంటేగా! ముందు పోయేది నేనే."