ఆరువందల పన్నెండో కుటుంబం

ప్రియమైన అమ్మమ్మా,

నువ్వు పనిచేసిన పిల్లల ఆశ్రమంలోనే నేనూ చేరానని మురిసిపోయావు కదా, ఇప్పుడు తిట్టుకో. రికార్డుల కంప్యూటర్ చెడిపోయింది. బ్యాకప్‌లోంచి అన్నీ వెనక్కి తెచ్చాను. పిల్లలు పుట్టిన కుటుంబాలదొక పట్టిక, పిల్లలదొకటి. ప్రతి బిడ్డ పేరు పక్కనా కుటుంబం నెంబరుంటుంది. తొందరలో, రెండింటి నెంబర్లూ కలుస్తున్నాయో లేదో చూసే తనిఖీ ఆపేసి ఎక్కించాను. నెంబర్ల మధ్య ఖాళీలుంటే మూసేసి, యంత్రం కుటుంబాలకు ఒకటి నుంచి కొత్త నెంబర్లు వేసేసింది. ఎవరి పిల్లలో ఎవరికో అంటుకున్నారు. నలభై ఒక్కమందికైతే అసలు కుటుంబమే లేదు. "పాత పేర్లే కదా, తీసెయ్" అంటున్నారు మేనేజరుగారు.

నీ చిట్టి

చిట్టీ,

తిట్లు తర్వాత, తీరిగ్గా. ముందు మీ మేనేజరును అడుగు, మనుషుల్ని తీసేసే అధికారం ఆయనకెవరిచ్చారని. ఎక్కించిందంతా చెరిపి మళ్ళీ మొదలుపెట్టు. ముందు కుటుంబాలు, పాత నెంబర్లతోనే, ఖాళీలుంటే ఖాళీలతోనే. ఆ తర్వాతే పిల్లలు. ఖాళీలు చూస్తే పూడ్చాలని చేతులు దురదపెడతాయి. పెట్టనీ.

చివరికి ఎవరైనా మిగిలితే ఆ నెంబరు నాకు రాయి. భోజనం మానేశావట, మీ అమ్మ చెప్పింది. ఆకలితో తప్పులు చేసి యంత్రాన్ని ఆడిపోసుకోకు.

అమ్మమ్మ

అమ్మమ్మా,

నలభైమంది ఎవరింటికి వాళ్ళు చేరారు. ఒక్కడు మిగిలాడు, చేరినప్పటికి మూడేళ్ళవాడు. వాడి కుటుంబం నెంబరు 612. పాత జాబితా 590తోనే ముగిసింది, ఆ తర్వాతివన్నీ సంవత్సరంతో మొదలయ్యే నెంబర్లు. అంటే 612 అనే కుటుంబమే లేదు. బ్యాకప్ మూడుసార్లు చూశాను, అందులోనే అలా ఉంది. నువ్వు ముందే ఊహించినట్టు ఎందుకు రాశావు?

చిట్టి

చిట్టీ,

నలభై తప్పులు నీవి. ఆ ఒక్కటీ నాది.

నీళ్ళ పైపు పగిలి రిజిస్టర్లు తడిసినప్పుడు కుటుంబాల పుస్తకం తిరగరాసింది నేనే. ఖాళీలు చూడలేక వరసగా కొత్త నెంబర్లు వేశాను. నా దస్తూరీని అందరూ మెచ్చుకున్నారు. 612 కాస్తా 571 అయింది. పిల్లల పుస్తకంలో అక్కకు 571 అని దిద్దాను. తమ్ముడి పుట తడికి పక్కదానితో అంటుకుపోయింది, నా కంట పడలేదు.

ఇరవయ్యేళ్ళకు ఆ అక్క వచ్చింది. "నాకో తమ్ముడుండేవాడండీ, నా వేలు పట్టుకుంటేగానీ నిద్రపోయేవాడు కాదు" అంది. "పుస్తకంలో లేడమ్మా" అన్నాను. పుట వంక చూసి, "ఇంత శ్రద్ధగా రాశారు, తప్పుండదులెండి. నేనే కలగన్నానేమో" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే పుటలు విడదీసి చూశాను. వాడున్నాడు. పరువు పోతుందని ఆ 612ను దిద్దకుండా నోరు మూసుకున్నాను, ఊరందరి మీదా నోరు పారేసుకునేదాన్ని.

ఆమె రాసిచ్చిన చిరునామా అప్పటినుంచీ నా దగ్గరే ఉంది, ఇందులో పెట్టాను. వాణ్ణి ఎవరింటికి పంపారో పట్టికలో వాడి వరసలోనే ఉంటుంది, నాకు పంపు. 612 తీసి 571 వెయ్యి, దిద్దినదెందుకో రాసి, తప్పు నాదని నా పేరు పెట్టు. అక్కాతమ్ముళ్ళకు ఉత్తరాలు నేనే రాస్తాను. చెయ్యి వణికి నా రాత ఇప్పుడు కోడి కెలికినట్టుంటోంది. మంచిదే, ఈసారి రాత చూసి ఎవరూ మోసపోరు.

నీ అమ్మమ్మ