ఆకు పచ్చబడేలోగా కంపెనీ పచ్చబడిన సంగతి

గల్ఫ్ తెలుగు కార్మికుల సహాయ కేంద్రం, బురైదా శాఖ,
డిజిటల్ సేవల అధికారి గారి సముఖమునకు,

జగిత్యాల జిల్లా వాస్తవ్యుడు, ప్రస్తుతం బురైదా శివారు ఖర్జూర తోటలో పంపు మెకానిక్, గడ్డం బాలన్న కోపముతో వ్రాసుకొన్న అర్జీ.

విషయం: పర్యావరణమును కాపాడుటకై తమరు పెట్టిన కొత్త వెబ్‌సైటు తెరుచుకోక నా బతుకుదెరువు చేజారిన విషయమై.

అయ్యా,

విన్నపములు చేసి చేసి అలసిన మీదట ఫిర్యాదుగా తెలియజేయునది ఏమనగా:

1. ఇక్కడి సర్కారు నితాఖత్ పథకం కింద కంపెనీలకు రంగులు వేయుట తమకు తెలియనిది కాదు. సౌదీ వాళ్ళను తక్కువగా పెట్టుకున్న కంపెనీ ఎరుపు, సరిపడా పెట్టుకున్నది పచ్చ. మా కంపెనీ ఎరుపులో పడ్డది. పైగా తలకింత అని సర్కారుకు కట్టే లెవీ భారమని మా ఇకామాలు, అంటే ఇక్కడ ఉండే పర్మిట్లు, రెన్యువల్ చేయించడం మానేసింది. అయితే ఎరుపు కంపెనీ కార్మికుడు తన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకోకపోయినా వేరే చోటికి మారవచ్చును. అల్ ఖర్జ్‌లో ఒక పాడి ఫారం వాళ్ళు నన్ను తీసుకుంటామన్నారు. కావలసింది ఒక్కటే, నా ఐ.టి.ఐ. పత్రం అరబీ తర్జుమా మీద తమ కేంద్రం ముద్ర.

2. ముద్రకు టోకెన్ కావలెనన్నారు. టోకెన్ వెబ్‌సైటులోనే ఇస్తామన్నారు. తెరిచితిని. ముందు ఒక అడవి వచ్చును. పిట్టలు కూయును. జలపాతం దూకును. "కాగితం వాడకండి, చెట్టును బతికించండి" అని అక్షరాలు ఊగుతూ దిగును. ఆ తర్వాత నడుమ ఒక ఎండుటాకు గిర్రున తిరుగును. అది మెల్లగా పచ్చబడితే పేజీ తెరుచుకున్నట్లు లెక్క. మా తోటలో నెట్ సరిగా అందదు. ఆకు సగం పచ్చబడి మళ్ళీ ఎండిపోవును. రీచార్జు మీద రీచార్జు చేయించినా ఇదే వరుస.

ఇంటి నుంచి నా భార్య ముత్యవ్వ, "పని అయిందా?" అని ఫోన్ చేసినప్పుడల్లా పిట్టల కూతలే వినిపించినవి. "ఆడ పనికి పోయినవా, అడివి జూసుకుంట కూసున్నవా?" అని అడిగింది.

3. ఫోన్ చెడిపోయిందనుకొని హైదరాబాదీ వాజిద్‌కు చూపించితిని. ఆయన మొబైల్ దుకాణంలో ఉండేవాడు. ఆ పని ఇక సౌదీ వాళ్ళకేనని సర్కారు అన్నాక వ్యాన్ నడుపుకొనుచున్నాడు. చూసి, "అన్నా, ఫోన్ ఖరాబ్ కాలే. ఈ జంగిల్ సినిమానే నీ నెట్ మొత్తం తింటున్నది. పాత పేజీల ఉత్త అక్షరాలే ఉండె, చిటికెల తెరుచుకుంటుండె" అన్నాడు. ఆ పాత పేజీ ఏం పాపం చేసిందని తీసేశారు?

4. మొన్న మధ్యాహ్నం పంపు షెడ్డులో ఆకు ముప్పాతిక పచ్చబడింది. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. అంతలో మా ఫోర్‌మన్ దిలావర్ మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చి, "ముబారక్ హో బాలన్న భాయ్, కంపెనీ గ్రీన్ హో గయీ!" అన్నాడు. మా కఫీల్ తన తమ్ముళ్ళ పేర్లు, బావమరుదుల పేర్లు ఉద్యోగులుగా కాగితాలకు ఎక్కించి పచ్చలోకి పోయినాడు. మనుషులు రాలేదు, పేర్లు వచ్చినవి. ఇక కఫీల్ తనాజుల్ ఇస్తేనే, అంటే వదులుతున్నానని రాసిస్తేనే, నేను కదలగలను. ఇవ్వనన్నాడు.

చేతిలో జిలేబీ, ఫోన్‌లో ఆకు. ఆకు మళ్ళీ ఎండిపోయింది.

5. ఈ వెబ్‌సైటు పచ్చదనానికి తమకు సన్మానం జరిగినదట, శాలువా కప్పుకున్న ఫొటో కూడా అడవి వెనకనే ఉన్నదట. నాకు ఒళ్ళు మండుచున్నది. అసలే ఈ ఎండ. తమ అడవి మొదలైతే ఫోన్ చేత పట్టుకోలేనంతగా కాలును, పూట తిరగకముందే మళ్ళీ చార్జింగు అడుగును. ఆ కరెంటు ఊరికే పుట్టినదా? తమ దగ్గర ఆ సినిమా ఆడించే యంత్రాలకు కరెంటు అక్కరలేదా? చెట్టు మీద అంత ప్రేమ ఉన్నవారు చెట్టు బొమ్మ తీసేయండి. నాలుగు ముక్కలు రాసి, కింద ఒక మీట పెట్టండి. తమకు సన్మానము, నాకు టోకెన్, అడవికి నెమ్మది, అన్నీ దక్కును.

కావున, బాలన్న తన కంపెనీ ఎరుపులో ఉండగానే ముద్రకు వచ్చినాడు, ఆలస్యము మాదే అని ఒక ఉత్తరం రాసి, ముద్ర వేసి ఇప్పించవలెను. అది పట్టుకొని కఫీల్‌ను, అవసరమైతే లేబర్ ఆఫీసును అడిగెదను. పాడి ఫారం వాళ్ళు రంజాన్ దాకానే ఆగుతామన్నారు.

చిత్తగించవలెను. చిత్తగించి ఊరకుండరాదు.

ఇంకెన్నాళ్ళో చెప్పలేను గాని,
నేటికి తమ విధేయుడు,
గడ్డం బాలన్న

తా.క.: ఈ అర్జీని తమ గేటు దగ్గర మనిషి తీసుకోలేదు. "కాగితం తీసుకోం, స్కాన్ చేసి వెబ్‌సైటుల పెట్టాలె" అన్నాడు. అందుకని ఖర్జూరం పండు పిసికి తమ తలుపు అద్దానికి అంటించి పోతున్న. తీస్తే చినుగుతది సారూ, తియ్యకుండ్రి. దీనికి నెట్ అక్కరలేదు, ఆకు తిరగదు. ఆడనే నిలబడి చదువుండ్రి.