పరేడ్‌లో ఊడిన రేకు

వెండెల్ మామయ్యకి,

జూలై నాలుగు స్వాతంత్ర్య దినం పరేడ్‌లో నీ కొత్త ఎలక్ట్రిక్ ట్రక్కు పక్క రేకు ఊడి బ్యాండువాళ్ల కాళ్ల దగ్గర పడిందనీ, ఊరంతా నవ్విందనీ రాశావు. "ఓయ్ వెండెల్, నీ గిన్నె మూత పడిపోయింది, ఏరుకో!" అని మంగలి రస్టీ అరిచాడట. వాళ్లకి అసూయ అన్నావు. అసూయ కాదు మామయ్యా, వాళ్లకి కళ్లున్నాయి.

ఆ బండిని బిగించేవాళ్లలో నేనొకణ్ణి. ఆ రేకులకి బోల్టులుండవు, జిగురే. అది ఆరేదాకా ఆగనివ్వరు. మా సూపర్‌వైజరు చేసే పరీక్షంతా అరచేత్తో ఒక్క చరుపు. "పడలేదుగా? పంపించెయ్ రా!" అంటాడు. ఈ చెత్తకి టీవీలో ఎన్ని గొప్పలో!

నవ్వేవాళ్లని నవ్వనీ. కానీ శనివారం గుర్రాల పోటీకి నీ కూతురు టెస్సాని పక్కన కూర్చోబెట్టుకుని, దాని గుర్రాన్ని ఎక్కించిన ట్రాలీని ఆ బండికే తగిలించి హైవే ఎక్కుతానన్నావు. అది మాత్రం వద్దు. వెనక కొక్కేన్ని బిగించే తీరు కూడా అంతే. నా పాత పెట్రోలు బండితో నేనొస్తాను.

నమ్మకం లేకపోతే మా ఫ్యాక్టరీకి వచ్చి, పనివాళ్లు తమ సొంత బండ్లు నిలిపే మైదానమంతా వెతుకు. మేం చేసే బండి అక్కడ ఒక్కటి కనబడినా, నీ రేకుని నా ఉమ్మితో అతికిస్తాను. మా జిగురుకన్నా అదే గట్టి.

నీ మేనల్లుడు