ఆరు గుర్రాలు తక్కువ

ఇంజిన్ షెడ్డు అమ్మాయికి, నీ లెక్కల మాస్టారి ఆశీస్సులు.

ఇక్కడ మేం కులాసా. అక్కడ నా ఇంజిన్ కులాసానో కాదో నువ్వే రాయాలి.

నాలుగు నెలల కిందట నీ షెడ్డులో దింపిన ఆ ఇంజిన్ యాభై ఏళ్లనాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారుది. రిటైరయ్యాక మనిషన్నవాడు మొక్కలకు నీళ్లు పోసుకుంటాడు. నేను కారు కొన్నాను. "ఆ డబ్బుతో రెండు కుర్చీలు కొన్నా కూర్చోడానికి పనికొచ్చేవి" అంటుంది మా ఆవిడ. కారుతోపాటు వచ్చిన పుస్తకంలో పన్నెండో పేజీలో నూరు హార్స్ పవర్ అని స్పష్టంగా అచ్చు వేశారు. కాబట్టి నూరు అని రాసి, నువ్వు సంతకం పెట్టిన సర్టిఫికెట్ నాకు కావాలి.

ఎందుకో దాచడం దేనికి. మా వియ్యంకుడికీ సరిగ్గా ఇదే కారు ఉంది. వాళ్ల హాల్లో, సోఫాకి ఎదురుగా, తొంభై ఎనిమిది అని పెద్ద అంకెలున్న సర్టిఫికెట్‌ని ఫ్రేము కట్టించి వేలాడదీశాడు. కూతుర్ని చూడ్డానికి వెళ్లిన ప్రతిసారీ నన్ను ఆ సోఫాలోనే కూర్చోబెడతాడు. వచ్చే నెల మొదటి ఆదివారం వెళ్లేటప్పటికి నా చేతిలోనూ కాగితం ఉండాలి.

ఇట్లు,
లెక్కల మాస్టారు

తా.క. విడిగా ఒక సంచీలో పదకొండు బోల్టులు పంపాను. ఇంజిన్ విప్పినప్పుడు మిగిలినవి. ఎక్కడివో నీకే తెలియాలి.

*

మాస్టారికి నమస్కారాలు.

మీ ఇంజిన్ కులాసా. సిలిండర్లు తొలిపించి కొత్త పిస్టన్లు వేశాను. వాల్వులు ఒక్కొక్కటీ చేత్తో అరగదీసి కూర్చోబెట్టాను. పదిగంటలు మెల్లగా తిప్పి, తర్వాత డైనో ఎక్కించాను. ఇంజిన్ని బిగించి దాని బలం కొలిచే యంత్రం అది. తొంభై ఒకటి చూపించింది. షెడ్డులో వేడెక్కువ. వేడిగాలి పీల్చి ఏ ఇంజినైనా కాస్త నీరసిస్తుంది కాబట్టి అందుకు మూడు కలపాలని రూలు ఉంది. మొత్తం తొంభై నాలుగు. ఈ వయసు ఇంజిన్‌కి ఇది చాలా మంచి అంకె.

పుస్తకంలో ఉన్న నూరు గురించి బెంగ పెట్టుకోకండి. నాన్న బతికుండి ఈ షెడ్డు నడిపినప్పుడే చెప్పేవాడు, ఆ రోజుల్లో కంపెనీవాళ్లు ఫ్యానూ సైలెన్సరూ గాలి వడపోసే డబ్బా అన్నీ పీకేసి కొలిచేవాళ్లట. దరఖాస్తుకి అంటించిన ఫోటోలో ఉన్నట్టు మనిషి ఇంట్లో ఉండడు కదా.

మీ శిష్యురాలు

తా.క. మీ పదకొండు బోల్టుల్లో నాలుగు ఇంజిన్‌వి కావు. ఒకటి కుక్కరు పిడిదనుకుంటా. అమ్మగారు వెతుక్కుంటుంటే చెప్పండి.

*

అమ్మాయికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీకు అప్పజెప్పింది నూరు. వచ్చింది తొంభై నాలుగు. మిగతా ఆరూ ఏమయ్యాయి? నా మంచి సామాను ఏదైనా పక్క ఇంజిన్‌లోకి నడిచిపోయిందేమో ఒకసారి షెడ్డంతా చూడు.

ఇంకో అనుమానం కూడా ఉంది, అడిగేస్తున్నాను. తొమ్మిదో తరగతిలో నిన్ను ఏడాదంతా బెంచీ ఎక్కించిన మాట నిజమే. ఆ కక్ష నోరులేని ఇంజిన్ మీద తీర్చుకోవడం న్యాయం కాదు.

కంపెనీవాళ్లు అన్నీ పీకి కొలిస్తే నువ్వూ అన్నీ పీకి కొలువు. పరీక్ష అందరికీ ఒకేలా ఉండాలి.

మాస్టారు

తా.క. కుక్కరు పిడి ఊడిందని ఆ కంపెనీకి చాలా ఘాటుగా ఉత్తరం రాసి ఉన్నాను. వాళ్లు క్షమాపణ చెప్పి కొత్త పిడి పంపారు. ఇప్పుడు నేనేం రాయాలో తోచడం లేదు.

*

మాస్టారికి నమస్కారాలు.

పక్కనున్న ఇంజిన్ పాల వ్యానుది. దాని సామాను మీదాంట్లోనూ, మీదాని సామాను దాంట్లోనూ పట్టవు.

కక్ష మాటంటారా, నాకు ఆ బెంచీ అంటే ఇష్టమే. పైనుంచి చూస్తే కిటికీలోంచి లారీలు బాగా కనిపించేవి. ఈ పనిలోకి వచ్చింది అలాగే.

మీరు చెప్పినట్టే అన్నీ పీకి కొలిచాను. వేడికి కలిపేది కలిపినా తొంభై ఏడే. నాలుగో నిమిషానికి నీళ్లు మరిగి ఆవిరి షెడ్డు కప్పుకి కొట్టింది. ఆ అంకె వేయమంటే వేస్తాను. కింద "నాలుగు నిమిషాల వరకు మాత్రమే" అని కూడా రాయాల్సి వస్తుంది.

మీ శిష్యురాలు

తా.క. సైలెన్సర్ లేకుండా తిప్పినందుకు పక్క కొట్టు దర్జీ పోట్లాటకొచ్చాడు. ఆ మోతకి అదిరిపడి ఎవరి చొక్కాకో జేబు వీపు మీద కుట్టేశాడట. సైజు మీకు సరిపోతుంది. పంపనా?

*

అమ్మాయికి,

నాలుగు నిమిషాల మాట వద్దులే.

ఇది ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. పోయిన ఆదివారం వాళ్లింట్లో చుట్టాలున్నారు. వియ్యంకుడు నన్ను చూపించి, "మా మాస్టారికీ నాలాంటి కారే ఉందండీ, కాకపోతే కదలదు" అన్నాడు. అందరూ నవ్వారు. మా అల్లుడూ నవ్వాడు. పోనీ అనుకున్నాను. మా అమ్మాయి మాత్రం తల వంచుకుని, ఇంకా తాగని కప్పులు కూడా తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు చాలా బాధేసింది.

ముప్పై నాలుగేళ్లు ఊరందరికీ మార్కులు వేశాను. నాకెవరూ ఏనాడూ వేయలేదు. ఒక్కసారి నా పేరు పక్కన నూటికి నూరు చూసుకోవాలని ఉంది. తప్పంటావా?

ఇంకొక్కసారి కొలిచి చూడు.

మాస్టారు

తా.క. చొక్కా ఏం రంగు?

*

మాస్టారికి,

మళ్లీ కొలిచాను. నూరు వచ్చింది. సర్టిఫికెట్ జతచేశాను. ఇంజిన్ రేపు లారీ ఎక్కుతుంది. కాగితం మాత్రం వెంటనే ఫ్రేములో పెట్టించేయండి. ఎక్కువసేపు చేతిలో ఉంచుకుంటే సిరా చెదురుతుంది.

మీ శిష్యురాలు

తా.క. నీలం.

*

అమ్మాయికి,

నూరు చూసి ఎంత సంబరపడ్డానో రాయలేను. మా ఆవిడకి చూపిస్తే "కుర్చీలకీ ఇస్తారా ఇలాంటివి" అంది. అయినా పట్టించుకోకుండా నేరుగా ఫ్రేముల కొట్టుకి వెళ్లాను.

అతను అద్దం కోస్తుంటే ఊరికే కూర్చోలేక, కింద సన్నక్షరాలతో ఉన్న లెక్క చూశాను. డైనో చూపింది తొంభై ఒకటి. షెడ్డు వేడికి మూడు. గాలి వేడికి మూడు. ఎండ వేడికి మూడు. వెరసి నూరు.

ఈ మూడూ ఒకటే వేడి కదటమ్మా. దాన్నే మూడు పేర్లు పెట్టి పిలిచి మూడుసార్లు కలిపావు. రెండు మూళ్లు ఎర్ర సిరాతో కొట్టేసి, తొంభై నాలుగు వేసి, "శ్రద్ధ లేదు" అని రాసి తిప్పి పంపుతున్నాను. కొట్టేసేటప్పుడు చెయ్యి ఒక నిమిషం ఆగిన మాట నిజం. కానీ తప్పు లెక్క కంటపడితే ఊరుకోవడం నాకు చేతకాదు.

మాస్టారు

తా.క. కోసిన అద్దం వెనక్కి తీసుకోనన్నాడు. అందులో ఎక్కాల పట్టిక పెట్టించి నీకు పంపుతున్నాను. కళ్లెదురుగా తగిలించుకో.

*

మాస్టారికి నమస్కారాలు.

ఎక్కాల పట్టిక అందింది. డైనో పైన తగిలించాను.

లెక్క నాకొచ్చు మాస్టారూ, మీ దగ్గరే నేర్చుకున్నాను. అది పొరపాటు కాదు. మీ అమ్మాయి కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయిందని రాశారు చూశారా, అది చదివాక నాకు పని సాగలేదు. నా చేత్తో రాసిన మొదటి దొంగ కాగితం అది. ఎవరు చూస్తార్లే అనుకున్నాను. ఎవరికి పంపుతున్నానో మర్చిపోయాను.

ఇన్నేళ్లకి మీకు మార్కులు వేసే మనిషి ఒకరు దొరికితే, వాటినీ మీరే కొట్టేసుకున్నారు. ఇక నేను చేసేదేముంది. అసలు సర్టిఫికెట్ జతచేశాను. తొంభై నాలుగు. ఇందులో కొట్టేయడానికి ఏమీ లేదు. అయినా మీరు వెతుకుతారని తెలుసు.

మీ శిష్యురాలు

తా.క. "శ్రద్ధ లేదు" అన్నందుకు మాత్రం కోపం వచ్చింది. ఆ తప్పు వేయడానికి నాకు ఒక పూటంతా పట్టింది.

*

అమ్మాయికి, మా ఇద్దరి ఆశీస్సులు.

ఆదివారం వెళ్లొచ్చాం. కారులోనే వెళ్లాం. దారిలో ఎక్కడా ఆగలేదు, మోత లేదు, పొగ లేదు. మా ఆవిడ కుర్చీల మాట ఎత్తకపోగా "ఇంకాస్త పోనివ్వండి" అంది. మా అమ్మాయి గేటు దగ్గరే ఎక్కి కూర్చుని, వీధి చుట్టూ రెండుసార్లు తిప్పించుకుంది. ఇది నీ పనితనం. నేను ఈ మాట ఊరికే అనే మనిషిని కాదని నీకు తెలుసు.

వియ్యంకుడు నా కాగితం చూసి, "కొత్తగా కట్టించినా తొంభై నాలుగేనా మాస్టారూ" అని జాలిపడ్డాడు. తర్వాత కారు చూసొస్తానని బయటికి వెళ్లాడు. హాల్లో నేనొక్కణ్ణే మిగిలాను. ఇన్నేళ్లలో ఆ ఫ్రేము దగ్గరికి వెళ్లి చూసిన పాపాన పోలేదు. ఆవేళ వెళ్లాను.

ఎనభై తొమ్మిది. షెడ్డు వేడికి మూడు. గాలి వేడికి మూడు. ఎండ వేడికి మూడు. సంతకం మీ నాన్నగారిది.

ఆ మూడు వేడులూ నీ సొంత కల్పన కాదన్నమాట. అంటే అతనిది నిజానికి తొంభై రెండు. నాది తొంభై నాలుగు. గెలిచింది నేను. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి మూత కూడా విప్పాను.

అంతలో అతను లోపలికొచ్చి, నేను ఫ్రేము చూస్తున్నానని మురిసిపోయాడు. "పొద్దున్నే దీన్ని నేనే తుడుస్తాను మాస్టారూ, మా ఆవిణ్ణి కూడా ముట్టుకోనివ్వను. చదువు అబ్బలేదు కదా, నా జన్మకి వచ్చిన సర్టిఫికెట్ ఇదొక్కటే" అన్నాడు.

పెన్నుకి మూత పెట్టేశాను. "లెక్క బాగుంది" అన్నాను. ఆ మాట నోట్లోంచి రావడానికి నేను పడ్డ అవస్థ నువ్వు ఊహించలేవు. నాలుగు రోజులైంది, ఇంకా అన్నం సయించడం లేదు. గెలిచిన సంగతి నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలియనివ్వకు.

నీ మాస్టారు

తా.క. కొత్తగా కట్టిన ఇంజిన్‌కే తొంభై నాలుగైతే తనదాని సంగతేమిటని వియ్యంకుడికి దిగులు పట్టుకుంది. మళ్లీ కొలిపించుకుంటానని నీ చిరునామా తీసుకున్నాడు. ఎంత వచ్చినా తొంభై ఎనిమిదికి తగ్గకుండా రాసివ్వు. లెక్క ఎలా వేయాలో రెండు పేజీల్లో రాసి దీంతో జతచేశాను. ఆ మూడు వేడుల పద్ధతి అయితే ఎవరైనా పట్టేస్తారు.