అమ్మ మందారం, ఆయన క్రిస్మస్ చెట్టు

1979 జూలై 8, ఆదివారం
ఆరాధన అయ్యాక సమాధుల తోటకి వెళ్ళాను. అమ్మ తలాపున మందారం లేదు. పీకి గోడవతల పారేయించాడు సంఘ పెద్ద శామ్యూల్. అక్కడే, అమ్మకీ తన భార్యకీ నడుమ, చింతపల్లి నుంచి తెప్పించిన క్రిస్మస్ చెట్టు. మొన్ననే నాటించాడట. అడిగితే, "అది గుళ్ళో పూజకెట్టే పువ్వు టీచరమ్మా, మనకెందుకు" అన్నాడు.
అమ్మ పెరట్లోని కొమ్మ అది. నా చేత్తో నాటాను.

జూలై 9
నిద్ర లేదు. మందారం మళ్ళీ నాటొచ్చు. అది కాదు... ఆయన చెట్టు చావాలి.

జూలై 17
తొమ్మిదో తరగతికి వివృతబీజాలు, ఆవృతబీజాలు. బోర్డు మీద ఎడమవైపు ఆయన చెట్టు, కుడివైపు అమ్మది. దానికి పువ్వే పుట్టదు — సూదుల్లాంటి ఆకులు, అంతస్తులుగా కొమ్మలు, కాయలో కాకుండా పొలుసుల మధ్య గింజ. దీనికి పొద్దున పువ్వు, సాయంత్రానికి ముడుచుకోవడం, మర్నాడు ఇంకోటి. కొమ్మ విరిచి గుచ్చినా బతుకుతుంది.
ఏది గొప్పదని ఒక పిల్ల అడిగింది. పరీక్షలో అది రాదన్నాను.

జూలై 22
తోటకి నీళ్ళు పోయడం మా సంఘంలో ఇంటికో వారం వంతు. ఆ మొక్కకి మాత్రం రోజూ నేనే పోస్తానన్నాను. శామ్యూల్ గారు ప్రార్థనలో నా పేరెత్తి స్తుతించారు. ఎంత మంచిదాన్నో!
కొండవాలు చెట్టు. నర్సీపట్నం బంకమట్టిలో నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది.

ఆగస్టు 14
వాన. గొడుగేసుకుని వెళ్ళి మరీ పోశాను.

అక్టోబరు 3
కింది కొమ్మలు ఎర్రబడ్డాయి. నా కళ్ళు చల్లబడ్డాయి.

నవంబరు 18
శామ్యూల్ గారు నేల మీద చతికిలబడి రాలిన ఆకులు ఏరుతున్నారు. చింతపల్లిలో కొత్త కాపురం అప్పుడు వాళ్ళ వాకిట్లో ఇలాంటి చెట్టుండేదట. పోయే ముందు భార్య తన సమాధి పక్కన అలాంటిదే నాటమని అడిగిందట.
"సదువుకున్నదానివి, సెప్పమ్మా. దీనికేటి తక్కువైంది? నీళ్ళు సాలట్లేదా?"
చెట్టు మొదట్లో బురద. ఆయన మోకాళ్ళకీ అంటింది.
"సాలట్లేదండీ" అన్నాను.

నవంబరు 19
నాకంటే ముందే వచ్చారు, భుజాన బిందెతో. ఆపడానికి ఒక్క మాట చాలు. పక్కకి జరిగి దారిచ్చాను. బిందె ఒంపి, ఇంకోటి తెస్తానని బావి వైపు వెళ్ళారు...